ఓడిన గింజ మాట

తునికికోన అడవిలో తునికి, మద్ది, మోదుగ చెట్లు దట్టంగా ఉండేవి. ఆ చెట్ల మధ్య అడవిదున్నలు, కణుజులు, దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిపందులు, కుందేళ్ళు, ఉడుములు, కోతులు బతికేవి. ఒక ముసలి చిరుతపులి కూడా ఉండేది. అడవి మధ్య నుంచి రాళ్ళవాగు పారేది. వానాకాలంలో అది పొంగిందంటే ఇవతలి దుప్పి అవతలికి పోలేదు. ఎండలు ముదిరాయంటే మాత్రం అదే వాగులో నాలుక తడుపుకోవడానికి చుక్క నీరు దొరకదు.

అందుకని ఏటా ఎండాకాలం మొదట్లో జంతువులన్నీ కలిసి వాగులో చెలమ తవ్వేవి. చెలమ అంటే తెలుసుగా పిల్లలూ? ఎండిన వాగులో ఇసుక తోడితే అడుగున నీళ్ళు ఊరతాయి. ఆ గుంటే చెలమ. మళ్ళీ వానలు పడేదాకా ఆ అడవి మొత్తానికి ఆ ఒక్క చెలమే దిక్కు. దాని దగ్గర వేట ఉండదు. ముసలి చిరుత కూడా కుందేలు పక్కన నిలబడి బుద్ధిగా నీళ్ళు తాగేది.

మరి అంత పొడవు వాగులో ఎక్కడ తవ్వాలి? ఆ సంగతి తేల్చుకోవడానికి తునికికోన జంతువులు పెట్టుకున్న పద్ధతి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

వాగు ఒడ్డున ఒక బండ ఉండేది. దానికి రోళ్ళలాగా రెండు గుంటలుండేవి. ఎవరికి ఏ చోటు మంచిదనిపిస్తే వాళ్ళు బండెక్కి ఆ మాట చెప్పొచ్చు. తరువాత ప్రతి జంతువూ ఒక కానుగ గింజ తెచ్చి తనకు నచ్చిన గుంటలో వేస్తుంది. అడవిదున్నకైనా ఒకటే గింజ, కుందేలుకైనా ఒకటే గింజ. కోతులు గింజలు లెక్కపెడతాయి. ఏ గుంటలో ఎక్కువ ఉంటే ఆ చోట తవ్వకం.

అంతటితో అయిపోలేదు. తవ్వకం మొదలుపెట్టేముందు ఓడినవాళ్ళు బండెక్కి మాట్లాడాలి. మిగతావాళ్ళంతా నోరు మూసుకుని కూర్చుని వినాలి. విన్నాక ఎవరికైనా మనసు మారితే తన గింజ తీసి అవతలి గుంటలో వేసుకోవచ్చు. ఆ తరువాతే నేల మీద గిట్ట పడాలి. దీన్ని ఓడిన గింజ మాట అనేవారు.

ఆ ఏడు తవ్వకానికి పెద్ద గట్టయ్య అనే అడవిదున్న. వరుసగా మూడేళ్ళు అతన్నే ఎన్నుకున్నారు. ఎన్నుకోరూ మరి! సగం తవ్వకం అతని కొమ్ముల మీదే నడిచేది. నిజం చెప్పాలంటే గట్టయ్య మంచివాడే. అందరికంటే ముందు గోతిలోకి దిగేవాడు, అందరి తరువాత పైకి వచ్చేవాడు. కాకపోతే మూడేళ్ళుగా అందరూ పొగిడిన పొగడ్తలు బాగా తలకెక్కాయి.

ఆ రోజు గట్టయ్య బండెక్కి, "ఒడ్డు పక్కన నేరేళ్ళ నీడలో తవ్వుదాం" అన్నాడు. "ఇంత ఎండలోనూ ఆ నేరేడు చెట్లు ఎంత పచ్చగా ఉన్నాయో చూడండి. కింద నీళ్ళు లేకపోతే అంత పచ్చదనం ఎక్కడిది? పైగా చల్లటి నీడలో పని చేసుకోవచ్చు."

"బాగుంది, బాగుంది!" అన్నాయి జంతువులు. ఎర్రటి ఎండలో నీడ మాట ఎవరికి చేదు?

అప్పుడు ఒక పిట్ట బండ మీద వాలింది. అది తీతువు. పేరు తీతక్క. సన్నటి పొడవాటి కాళ్ళు, నల్లటి మెడ, కళ్ళ ముందు ఎర్రటి తోలు. వాగు మధ్య గులకరాళ్ళ మెరక మీద ఆమె నాలుగు గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది.

"గులకరాళ్ళ మెరక మీద తవ్వండి" అంది తీతక్క.

అంతా గొల్లున నవ్వారు. ఆ మెరక మీద చెట్టు లేదు, నీడ లేదు. మధ్యాహ్నం అయితే అక్కడ కాలు పెట్టలేం. పైగా తీతువు కూత వింటే ఏదో కీడు జరుగుతుందని అడవిలో చాలామందికి భయం. ఆమె కనబడితే చాలు, మొహం తిప్పుకునేవాళ్ళు. పాపం, ఆమె చేసిన తప్పల్లా తీతువై పుట్టడమే.

గింజలు వేశారు. కోతులు లెక్కపెట్టాయి. నేరేళ్ళ గుంటలో నూట పన్నెండు. మెరక గుంటలో ఒకే ఒక్క గింజ.

పద్ధతి ప్రకారం తీతక్క మాట్లాడటానికి ముందుకొచ్చింది. గట్టయ్య అడ్డంగా తల ఊపాడు.

"శుభమా అని పని మొదలుపెడుతుంటే మధ్యలో తీతువు కూతేమిటి? ఒక్క గింజ కోసం ఇంతమంది ఎండలో కూర్చోవాలా? ఈసారికి వదిలేద్దాం."

ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులున్న ముసలి అలుగు ఒకటి లేచి నిలబడింది. అందరూ ఆమెను పొలుసవ్వ అని పిలిచేవారు.

"తప్పు గట్టయ్యా. ఆమె మాట వినాలి" అంది.

"ఏం అవ్వా, నువ్వు కూడా మెరక గుంటలో వేశావా?"

"లేదు. నేనూ నేరేళ్ళ గుంటలోనే వేశాను. నువ్వు చెప్పిందే నాకూ సబబనిపించింది."

"మరి ఇంకెందుకు వినడం?"

"గెలిచినవాళ్ళం మనం ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, తవ్వుకుంటూ పోతాం. ఓడినవాళ్ళకి నోరు తప్ప ఇంకేం మిగులుతుంది? అది కూడా లాక్కుంటే ఎలా?"

గట్టయ్య పెద్దగా నవ్వాడు. "సరే అవ్వా, దీనికీ గింజలే వేద్దాం. తీతువు మాట్లాడాలా, వద్దా? అందరూ ఏమంటే అదే. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?"

వినడానికి ఎంత బాగుందో చూశారా! జంతువులు కూడా అలాగే అనుకున్నాయి. గబగబా గింజలు వేశాయి. మాట్లాడాలి అన్న గుంటలో రెండు గింజలు పడ్డాయి. ఒకటి తీతక్కది, ఒకటి పొలుసవ్వది. మిగతావన్నీ వద్దు అన్న గుంటలో పడ్డాయి.

"నోరు మూయించడానికి వాడతారా ఈ గింజల్ని?" అంది పొలుసవ్వ బాధగా. ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ లేరు. అంతా నేరేళ్ళ వైపు పరుగెత్తారు.

తవ్వకం జోరుగా సాగింది. గట్టయ్య కొమ్ములతో మట్టి ఎత్తిపోస్తుంటే ఎలుగుబంట్లు దాన్ని పక్కకి లాగేవి. అడవిపందులు ముట్టెలతో గోరాడేవి. కుందేళ్ళు కూడా చిన్న కాళ్ళతో చిన్న చిన్న దోసిళ్ళు తోడేవి. పొలుసవ్వ అలిగి కూర్చోలేదు. అందరితో పాటు గోతిలోకి దిగి తవ్వింది.

రెండో రోజు తీతక్క ఆ గోతి మీదుగా ఎగురుతూ, "ఒక్కసారి నా మాట వినండి!" అని అరిచింది. కోతులు గులకరాళ్ళు విసిరాయి. ఒకటి ఆమె రెక్కకు తగిలింది. తీతక్క తిరిగి తన గుడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నాలుగో రోజు గట్టయ్య కొమ్ముకి ఠంగుమని ఏదో తగిలింది. కింద బండ. ఇటు తవ్వితే బండ, అటు తవ్వినా బండ. నేరేడు చెట్ల వేళ్ళు ఆ బండ చీలికల్లోంచి ఎక్కడో లోతుకి దిగిపోయాయి. చెట్లకి అందే నీళ్ళు జంతువులకి అందవు.

"పగలగొడతాను" అన్నాడు గట్టయ్య. వెనక్కి వెళ్ళి, పరుగెత్తుకొచ్చి కుమ్మాడు. బండ అలాగే ఉంది. గట్టయ్య కుడికొమ్ము చివర విరిగి కింద పడింది.

ఐదో రోజుకి వాగులో అక్కడక్కడా మిగిలిన తడి కూడా ఇంకిపోయింది. నీళ్ళున్న ఇంకో చోటు మూడు కొండల అవతల ఉంది. పెద్ద జంతువులు ఎలాగో నడిచి పోగలవు. పిల్లలు పోలేవు. గట్టయ్యకి రెండు నెలల దూడ ఉంది, పేరు చుక్కడు. ఉదయం నుంచి వాడు లేవలేదు. తల్లి నల్లమ్మ నాకుతూ ఉంటే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటున్నాడు.

"మళ్ళీ గింజలు వేద్దాం" అన్నాయి కుందేళ్ళు మెల్లగా.

గట్టయ్య వెళ్ళి గుంటల బండకి అడ్డంగా నిలబడ్డాడు. "ఒకసారి వేసిన గింజ వేసినట్టే. రోజుకొక మాట మారిస్తే పెద్ద అన్నవాడి మాటకి విలువేముంటుంది? ఇంకా తవ్వుదాం. నేను తవ్వుతాను."

అతని ఎర్రటి కళ్ళు చూసి ఎవరూ ముందుకు రాలేదు. విరిగిన కొమ్ము నుంచి నెత్తురు కారుతోంది. దాన్ని చూస్తే భయం వేసింది, జాలీ వేసింది.

అప్పుడు గుంపులోంచి ఒకరు నడుచుకుంటూ వచ్చారు. నోట్లో కానుగ గింజ ఉంది. వచ్చింది నల్లమ్మ. గింజని బండ అంచున పెట్టింది.

"జరగండి" అంది.

"నువ్వు కూడానా?"

"మీ పరువు నాకు మాత్రం ముఖ్యం కాదా? కానీ వాడు లేవట్లేదండీ. మనం తప్పు చోట తవ్వాం. తప్పని చెప్పుకోవడానికి నాకున్నది ఈ గింజ ఒక్కటే. వెయ్యనివ్వండి."

గట్టయ్య ఆమెను చూశాడు. ఆమె వెనక కుందేలు వచ్చి నిలబడింది, దాని నోట్లో గింజ. దాని వెనక దుప్పి, ఎలుగుబంటి, ముసలి చిరుత. ఎవరూ అరవలేదు, ఎవరూ కుమ్మలేదు. గింజలు పట్టుకుని ఊరికే వరుసగా నిలబడ్డారు. అడవిలో అందరికంటే బలమైన గట్టయ్య ఆ వరుసని చూసి, తల దించుకుని పక్కకి జరిగాడు.

"ముందు తీతక్కని పిలవండి. వినాల్సిన మాట ఒకటి బాకీ ఉంది" అంది పొలుసవ్వ.

ఒక కోతి సిగ్గుపడుతూ వెళ్ళి పిలుచుకొచ్చింది. రాళ్ళు విసిరిన కోతుల్లో అదీ ఒకటి. తీతక్క బండ మీద వాలింది. ఒక రెక్క ఇంకా వాలిపోయే ఉంది. నూట పన్నెండు జంతువులూ కూర్చున్నాయి. ఎవరూ నవ్వలేదు.

"నాకు శకునాలు తెలియవు" అంది తీతక్క. "నాకు తెలిసింది చెమ్మ. మధ్యాహ్నం ఎండకి నా గుడ్లు ఉడికిపోకుండా పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటాను. వాగు ఎండాక ఎక్కడ తడుపుకోవాలా అని ప్రతి గజం గీకి చూశాను. ఒడ్డునంతా పొడి ఇసుకే. గులకరాళ్ళ మెరక మీద మాత్రం కాస్త గీకగానే చెమ్మ తగులుతుంది. రోజులు గడుస్తున్నా అది తగ్గలేదు. ఆ రోజు ఇదే చెబుదామనుకున్నాను. ఇంతే నా మాట."

ఇంత చిన్న మాట! దీన్ని వినడానికి ఆ రోజు ఎంత సేపు పట్టేది చెప్పండి? ఈ కాస్త సేపు మిగుల్చుకోవడానికి ఐదు రోజుల చాకిరీ మట్టిపాలు చేసుకున్నారు.

మళ్ళీ గింజలు వేశారు. ఈసారి మెరక గుంటలో నూట పది. నేరేళ్ళ గుంటలో మూడు. ఆ మూడింటిలో ఒకటి గట్టయ్యది.

జంతువులు మెరక వైపు లేచాయి. "ఆగండి, పద్ధతి మరిచిపోయారా?" అంది పొలుసవ్వ. "ఓడినవాళ్ళు మాట్లాడాలి. రా గట్టయ్యా."

గట్టయ్య గతుక్కుమన్నాడు. తనే తీసి పారేసిన పద్ధతి. ఇప్పుడు ఎవరైనా వద్దంటే ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? దాహంతో అందరి గొంతులూ పిడచకట్టుకుపోతున్నాయి. అయినా అందరికంటే ముందు ఒకరు తిరిగొచ్చి అతని ఎదురుగా కూర్చున్నారు. తీతక్క.

"చెప్పు మామా, వింటున్నాం" అంది.

ఆమెను చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు. గట్టయ్య బండెక్కాడు. తను గెలిచినప్పుడు కూడా అంత నిశ్శబ్దంగా ఎవరూ తన మాట వినలేదు.

"నాకింకా నమ్మకం కుదరలేదు" అన్నాడు. "కానీ మీరంతా మెరక అన్నారు కాబట్టి అక్కడే తవ్వుదాం. ఒక్క మాట. గులకరాళ్ళ నేల గుల్లగా ఉంటుంది. గోతి నిటారుగా తీస్తే అంచు విరిగి లోపలివాళ్ళ మీద పడుతుంది. వెడల్పుగా, ఏటవాలుగా తీయండి. మూడేళ్ళు తవ్వినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను."

"మంచి మాట చెప్పావు" అంది ఎలుగుబంటి. అందరూ తలూపారు.

మెరక దగ్గరికి వెళ్ళాక గట్టయ్య టక్కున ఆగిపోయాడు. చెమ్మ ఎక్కువగా ఉన్న చోటికి పది అడుగుల దూరంలో, గులకరాళ్ళ మధ్య, రాళ్ళ రంగులోనే నాలుగు గుడ్లు ఉన్నాయి.

"తీతక్కా! నీ గుడ్లు ఇక్కడే ఉన్నాయే! ఇన్ని గిట్టలు ఇక్కడ తిరుగుతాయని తెలిసి కూడా ఈ చోటు చెప్పావా?"

"భయమేసింది మామా. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కానీ నీళ్ళు కావాల్సింది నా గుడ్లకి మాత్రమే కాదుగా. మీ చుక్కడు కూడా చిన్నవాడే."

గట్టయ్య జాగ్రత్తగా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి ఆ గుడ్ల మీదుగా నిలబడ్డాడు. అతని పెద్ద శరీరం నీడ గూడు మీద పడింది. "మీరు తవ్వండి. ఈ పక్కకి ఎవరి గిట్టా రాదు" అన్నాడు.

తవ్వకంలో ఎప్పుడూ ముందుండే గట్టయ్య ఆ మధ్యాహ్నమంతా మాడుతున్న గులకరాళ్ళ మీద కదలకుండా నిలబడ్డాడు. విరిగిన కొమ్ము మీద ఈగలు వాలితే తోలుకోను కూడా లేదు. అడవి అతని బలం చాలాసార్లు చూసింది. కానీ అతన్ని అంత గొప్పగా ఎప్పుడూ చూడలేదు.

గోతిని వెడల్పుగా, ఏటవాలుగా తీశారు. మధ్యలో ఒకసారి అంచు కూలింది. ఏటవాలుగా ఉండబట్టి రాళ్ళు మెల్లగా జారాయే తప్ప కుందేళ్ళ మీద పడలేదు. పొద్దు వాలే వేళకి పొలుసవ్వ గోళ్ళ కింద ఇసుక నల్లబడింది. తరువాత మెత్తబడింది. తరువాత బురదగా ఉన్న నీరు చిన్నగా ఊరింది. చూస్తూ ఉండగా తేటపడింది.

"నీళ్ళు!" అని అడవంతా ఒక్కసారిగా అరిచింది.

చుక్కణ్ణి ఎలుగుబంట్లు మోసుకొచ్చాయి. ముందు నీళ్ళు వాడికే. వాడు మూతి పెట్టి తాగి, తుమ్మి, మళ్ళీ తాగాడు. నల్లమ్మ ఏడ్చింది. తీతక్క పొట్ట ఈకలు నిండా తడుపుకుని పరుగున వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. అప్పుడు గానీ గట్టయ్య అక్కణ్ణుంచి కదలలేదు.

మరునాడు గట్టయ్య పెద్దరికం తనంత తనే వదులుకున్నాడు. గింజలు వేసి పొలుసవ్వని ఎన్నుకున్నారు. ఆమె మొదటి రోజే అందర్నీ అడిగి ఒక కట్టుబాటు చేసింది. ఏ సంగతి మీదైనా గింజలు వేయొచ్చు. ఒకరి నోరు మూయించడానికి మాత్రం వేయకూడదు. అడవి మొత్తం ఒక పక్క, ఒక్క గింజ ఒక పక్క ఉన్నా సరే.

ఏడాది తిరిగింది. మళ్ళీ ఎండలొచ్చాయి, మళ్ళీ బండ దగ్గర చేరారు. వానాకాలపు వరదకి వాగు రూపే మారిపోయింది. కణుజులు కొత్త వంపు దగ్గర తవ్వుదామన్నాయి. తీతక్క మళ్ళీ మెరకే మంచిదంది. ఆమె నలుగురు పిల్లలూ పెద్దవాళ్ళై తలొక గింజ తెచ్చుకున్నారు. ముగ్గురు తల్లి చెప్పిన గుంటలోనే వేశారు. నాలుగోది మాత్రం వంపు గుంటలో వేసింది. తీతక్క చూసింది కానీ ఏమీ అనలేదు.

తీతక్క వైపు ఇరవై గింజలు కూడా రాలేదు. "ఎండెక్కుతోంది, పదండి పదండి" అంటూ కోతులు లేచాయి.

ఢామ్మని ఒక గిట్ట నేల మీద పడింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒక కొమ్ము విరిగిన గట్టయ్య దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి? కూర్చోండి. తీతక్క ఇంకా మాట్లాడలేదు" అన్నాడు.

అందరూ కూర్చున్నారు. తీతక్క తనకు తోచింది చెప్పింది. నలుగురైదుగురు గింజలు మార్చుకున్నారు, మిగతావాళ్ళు మార్చుకోలేదు. చివరికి వంపు దగ్గరే తవ్వారు. ఈసారి తీతక్క అనుకున్నది తప్పు. వంపులో రెండు రోజులకే నీళ్ళు పడ్డాయి. తీతక్క పిల్లలతో వెళ్ళి అందరితో పాటు కడుపునిండా తాగింది. పక్కనే గట్టయ్య తాగుతున్నాడు.

నీతి: ఎక్కువమంది మాట నెగ్గడం ఒక్కటే ప్రజాస్వామ్యం కాదు. ఓడిన ఒక్కరి మాటనైనా అందరూ కూర్చుని వినడం, తప్పు తెలిసినప్పుడు దిద్దుకోవడం కలిస్తేనే అది ప్రజాస్వామ్యం.